షఫా కొండ మీద బొంత నాలుగో అంచు

జిద్దాలో ఏసీలు బాగుచేసుకునే నేను బొంతలు కుట్టేవాళ్ల మేళాకు వెళ్తున్నానంటే మా రూంలో అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, ఆరు నెలలు ఒక బొంతను మూడిళ్ల మధ్య మోసింది నేనే. రాయచోటి సరోజమ్మక్క, రాజోలు మార్తమ్మక్క, నెల్లూరు లక్ష్మి మా కాంపౌండులోనే వేర్వేరు విల్లాల్లో ఇంటిపని చేస్తారు. మనవరాలు పుట్టిన కబురు తెలిసిన రోజునే సరోజమ్మక్క, తాను ఈ దేశానికి కట్టుకొచ్చిన చీరను పైపొరగా వేసి బొంత మొదలుపెట్టింది. ముగ్గురికీ ఒకే శుక్రవారం సెలవు దొరకదు. అందుకని ఒకరు ఒక అంచు కుట్టాక, ఫిల్టర్లు కడగడానికి వెళ్లే నేను దాన్ని రెండో ఇంటికి చేర్చేవాణ్ణి. గేటు దగ్గర వాచ్‌మన్ అది ఏసీకి కప్పే గుడ్డ అనుకునేవాడు. నేనూ కాదనలేదు.

అంచులన్నీ అయ్యాయి గానీ నడుమ చాపంత చోటు మిగిలిపోయింది. అది కుట్టాలంటే బొంతను బిగువుగా పరచాలి. వాళ్ల గదుల్లో మంచం పోగా కాళ్లు చాపుకునే చోటే ఉండదు. నడుమ కుట్టు లేకపోతే మొదటిసారి ఉతకగానే లోపలి గుడ్డలు ముద్దకడతాయి. ఇంతలో సరోజమ్మక్కకు ఖురూజ్ పడింది. అంటే ఇక తిరిగి రావడం లేదు, మంగళవారమే విమానం. సరిగ్గా ఆ శుక్రవారమే తాయిఫ్ పైనున్న షఫా కొండ మీద క్విల్టుల, అంటే మన బొంతల్లాంటివాటి, మేళా ఉందని లక్ష్మి ఫోనులో చూసింది. ముగ్గురు మేడమ్‌లనూ బతిమాలి ఒప్పించింది కూడా ఆమే. షరతు ఒక్కటే, పొద్దుగూకే మగ్రిబ్ నమాజు వేళకు గేటు లోపల ఉండాలి.

పొద్దున్నే అయిదున్నరకు బయలుదేరాం. ఏడు సీట్ల బండికి రోజు అద్దె రెండు వందల ఇరవై రియాళ్లు, పెట్రోలుకు అరవై, డ్రైవరు నేనే. మక్కా వైపు వెళ్తుంటే ముస్లింలు కానివాళ్లు మళ్లాల్సిన బైపాస్ బోర్డు వస్తుంది. అది తప్పిపోకుండా లక్ష్మి ముందు సీట్లో కూర్చుని కాపలా కాసింది. హదా ఘాటు మలుపుల్లో కోతులు బండికి అడ్డం వస్తే మార్తమ్మక్క పులిహోర డబ్బాను ఒళ్లో దాచుకుంది. ఎనిమిదికి పైన ఆగితే చలి ఎముకలు కొరికింది. జిద్దా ఉక్కపోతకు అలవాటుపడిన మాకు స్వెటరన్న మాటే గుర్తు రాలేదు. "స్వెటర్ నహీ లాయే, భాయీ?" అని చాయ్ పోసే పాకిస్తానీ పెద్దాయన జాలిపడ్డాడు. ఆడవాళ్లు ముగ్గురూ బొంత కప్పుకున్నారు. నాకు రెండు రియాళ్ల చాయే దిక్కయింది.

షఫా చేరేసరికి తొమ్మిదిన్నర. టిక్కెట్టు మనిషికి పది. డేరాల నిండా తాళ్లకు వేలాడదీసిన క్విల్టులు. గులాబీలు, కొండలు, ఒకదాని మీద ఏకంగా ఒంటెల మంద.

"ఇవి కప్పుకోడానికా అండీ, గోడకి తగిలించడానికా?" అంది మార్తమ్మక్క.

"తగిలించడానికే అనుకుంట అక్కా."

"అయ్యో, మరి చలేస్తేనో?"

డేరాల వెనక చెట్ల కింద, వచ్చినవాళ్లు ఎవరైనా కూర్చుని కుట్టుకోవడానికి చాపలు పరిచారు. మా బొంత అక్కడ విప్పాం. ముగ్గురూ మూడు అంచుల మీద కూర్చున్నారో లేదో, కొండగాలికి నాలుగో అంచు లేచి సరోజమ్మక్క మొహం మీద పడింది.

"నాయనా, సూదేం పట్టొద్దులే, ఆ పక్క బరువుకి కూచో సాలు," అందామె. కూర్చున్నాను. మధ్యాహ్నం ఒంటిగంటయినా నడుమ ఇంకా రెండు జానల మేర మిగిలింది. రెండింటికల్లా కదలాలి. సరోజమ్మక్క నావైపు తిరిగి ఇంకో సూదికి దారం ఎక్కించి ఇచ్చింది.

"ఊరికే కూచుంటే ఎట్టా? నువ్వూ ఒక వరస కుట్టు."

"నాకు రాదక్కా. కరెంటు తీగలైతే అతుకుత గని."

"తీగ అతికేవోడికి దారమెంత!"

కుట్టాను. లక్ష్మి పడీపడీ నవ్వింది. "ఏంది రాజన్నా, మనం వచ్చిన ఘాటు రోడ్డంతా కుట్టినావే!"

నిజమే, అన్నీ మలుపులే. "ఇప్పేస్తనక్కా," అంటుంటే సరోజమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పొద్దు. దీన్ని ఇంటింటికీ మోసిందెవురని నా మనవరాలడిగితే ఏం సూపీయాల?" నేను మళ్లీ సూది అందుకున్నాను. రెండుంబావుకు ఆఖరి ముడి పడింది. పులిహోర బండిలోనే తిన్నాం. మగ్రిబ్‌కు పావుగంట ముందే గేటు లోపలికి చేరాం.

మంగళవారం విమానాశ్రయంలో సరోజమ్మక్క పెట్టె బరువు ఎక్కువైంది. ఏదో ఒకటి తీసెయ్యమన్నారు. ఆమె ఆలోచించలేదు, బొంత బయటికి లాగి భుజాల చుట్టూ కప్పుకుని నడిచింది. తొమ్మిదేళ్లు ఇంకొకరి పిల్లలకు పక్కలు వేసిన మనిషి, తన మనవరాలి పక్కను తన ఒంటి మీదే తీసుకుపోతోంది. అద్దం తలుపుల అవతల ఆమె వీపు మీద నా వంకర వరస కనిపించినంతసేపూ అక్కడే నిలబడ్డాను. నాకు సంతోషమే, కానీ కళ్లు తుడుచుకోక తప్పలేదు.

షఫాకు బొంత పట్టుకుని వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. స్వెటరు మరిచినా చాయ్ ఉంది, నాలుగో మనిషిని మాత్రం మరవకండి. కుట్టు రాకపోయినా పర్వాలేదు, గాలికి అంచు లేవకుండా కూర్చుంటే చాలు.