మా రాక్ పాట పరుగెత్తిన విధం

కళాశాల చర్చాపోటీలకు మమ్మల్ని తయారుచేసిన అధ్యాపకులు మొదట నేర్పిన నియమం ఒక్కటే: వాదానికి దిగేముందు దేని గురించి వాదిస్తున్నావో నిర్వచించు. ఎనభైల తొలినాళ్లలో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా టీ హోటళ్లలో మోగిన ఒక రాక్ పాట దగ్గర నాకు ఆ నియమం కొరకరాని కొయ్య అయింది. ఆ పాట అంటే ఏది? మావాళ్లు పాడినదా, జనం విన్నదా?

పాట కట్టినవాడు నా సహాధ్యాయి. ఆళ్లగడ్డ దగ్గర సేద్యం చేసుకునే ఇంటివాడు. తాను దూడనాటి నుంచి మేపిన ఎద్దును నాయన అమ్ముతున్నాడని కబురందితే, కడసారి చూసుకుందామని నంద్యాల బస్టాండుకు పరుగెత్తాడు. బస్సు వెళ్లిపోయింది. మర్నాడు ఇంటికి చేరేసరికి కొట్టం ఖాళీ. "సదువుకునేటోనికి ఎద్దు యాడ గుర్తుంటాది" అని మాత్రం అన్నాడట నాయన. నా మిత్రుడు ఎదురు చెప్పలేదు. చెప్పవలసినదంతా పాటగా కట్టుకున్నాడు. నాయన ఏనాడో ఒకనాడు దాన్ని వినాలి. వాడు కోరుకున్నది అంతే.

మా అన్నకు వేరే కోరిక ఉండేది. ఆయన బడిలో లెక్కలు చెప్పేవాడు, ఆదివారాలు చర్చిలో గిటార్ వాయించేవాడు, మిగిలిన కాలమంతా తెలుగులో ఒక రాక్ పాట పుట్టాలని తపించేవాడు. మిత్రుడు తెచ్చిన పాటేమో నింపాదిగా, బరువుగా, బావిలోంచి వస్తున్నట్టుండే గొంతులో సాగేది. "ఇది రాక్ గాదు, ఏడుపు" అన్నాడు అన్న. అయినా సెలవునాడు బడి హాలు తెరిపించాడు. పెళ్లి బ్యాండులో డ్రమ్స్ కొట్టే ఒకాయనను పిలిపించాడు. కరెంటు లేనందున టేప్‌రికార్డర్‌ను ఇంట్లో ఉన్న బ్యాటరీ సెల్లుల మీద నడిపి పాటను ఎక్కించాము. అప్పటికప్పుడు వేసి వింటే పాడినది పాడినట్టే ఉంది.

వారం తిరిగాక అన్న కొత్త సెల్లులు వేసి అదే క్యాసెట్ పెట్టాడు. పాట లేచి పరుగెత్తింది. డ్రమ్స్ చిటపటలాడాయి, గిటార్ గాజుముక్కలా మెరిసింది, నా మిత్రుడి గొంతు మీసం రాని పిల్లవాడి గొంతులా పైకెగసింది. అన్న కుర్చీలోంచి లేచి నిలబడి, తాను ఇన్నాళ్లూ వెతికినది ఇదేనన్నాడు. స్నేహితులు నకళ్లు తీసుకున్నారు, ఆ నకళ్లకు నకళ్లు పుట్టాయి, ఎద్దు కోసం కట్టిన పాటకు కుర్రాళ్లు చిందులు వేశారు. ఆ వేగంలో మాటలు ఎవరికీ అందలేదు. అందాలని ఎవరూ అడగనూ లేదు.

నాకు మాత్రం కారణం కావాలి. టేపు ఎండకు సాగిందన్నాడు డ్రమ్స్ ఆయన. పాటకు ఆత్మ దొరికిందన్నాడు అన్న. రుజువు లేని మాట ఒప్పుకోవడం నాకు చేతకాదు గనుక, అమ్మ మళ్లీ వాడదామని పిట్టగోడ మీద ఎండబెట్టిన ఆనాటి పాత సెల్లులనే తెచ్చి వేశాను. మిత్రుడి అసలు గొంతు బరువుగా, నింపాదిగా తిరిగి వచ్చింది. నీరసించిన సెల్లులతో టేపు మెల్లగా తిరుగుతుండగా ఎక్కించిన పాట, నిండు సెల్లులు పడేసరికి ఉరకలు వేసిందన్నమాట. చిక్కు వీడినందుకు పొంగిపోయాను. ఆ తెలివి ఎవరికి పనికివస్తుందో ఆలోచించలేదు.

ఇంతలో ఆళ్లగడ్డలో ఒక బడి వార్షికోత్సవానికి పిలుపు వచ్చింది. నాయన కూడా వస్తానన్నాడు. మిత్రుడు సంతోషించవలసింది పోయి నలిగిపోయాడు. ఆ పాట తనదేనని ఇంట్లో చెబితే, "పిల్లోని గొంతప్పా అది, నీది గాదు" అని నాయన కొట్టిపారేశాడట. తన గొంతుతో పాడితే ఊరు నమ్మదు, క్యాసెట్ గొంతు తనకు రాదు. వేదికెక్కి సెల్లుల సంగతి నేను సోదాహరణంగా వివరిస్తానన్నాను.

"నువ్వు గెలుస్తావ్ లేప్పా. మా నాయన లేచి ఇంటికి పోతాడు" అన్నాడు మిత్రుడు.

దారి చూపినవాడు అన్న. టేపులో వేగమూ స్థాయీ కలిసి పెరుగుతాయి గానీ, మనిషికి ఆ నిర్బంధం లేదు కదా అన్నాడు. శ్రుతిని మిత్రుడి గొంతుకు దించి, టేపులోని వేగం మాత్రం ఉంచాడు. అలా ఆ సాయంత్రం ఆళ్లగడ్డ పందిట్లో మూడో పాట పుట్టింది. మేము ఎక్కించినదీ కాదు, జనం విన్నదీ కాదు. ముందు వరుస కుర్రాళ్లు "ఇది గాదన్నా, టేపులోది పాడు" అని ఆటపట్టించారు. రెండో చరణానికి వాళ్లే కుర్చీలు పక్కకు జరిపి ఎగిరారు.

నాయన పందిరి గుంజను ఆనుకుని చివరిదాకా నిలబడ్డాడు. మేము దగ్గరికి వెళ్లగానే తీర్పు చెప్పాడు. "టేపులోనోడు బాగా పాడినాడు. నువ్వూ పర్వాల్యా."

నేను నోరు తెరిచాను. మిత్రుడు నా చెయ్యి నొక్కాడు.

"ఏందో బస్సు, బస్సంటాండావ్. బిరబిర పాడితే ఏం తెలుస్తాది? నిమ్మళంగా చెప్పు" అన్నాడు నాయన.

విప్పుతున్న పందిరి కింద, గిటార్ లేకుండా, వాడు మొదట కట్టుకున్న తీరులోనే పాట ఎత్తుకున్నాడు. బస్టాండులో దుమ్ము, వెళ్లిపోయిన బస్సు, ఖాళీ కొట్టంలో గూటానికి మిగిలిన పలుపు ఒక్కొక్కటిగా వచ్చాయి. పలుపు దగ్గర నాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఉరికినావా ఆ పొద్దు?"

"ఉరికినా నాయనా. అందల్యా."

"మల్ల చెప్పకపోతివే."

"చెప్తే నమ్ముతాంటివా?"

నాయన తలగుడ్డ విప్పి, దులిపి, భుజాన వేసుకున్నాడు. నా వంక ఒకసారి చూశాడు, నన్ను సాక్షిగా నిలబెట్టుకుంటున్నట్టు.

"నమ్మనులే" అన్నాడు. "ఊఁ, పాడు. ఎద్దు పేరు ఇంగా రాల్యా."