ముసిముసికీ పకపకకీ మధ్య

1998. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. కాడుగోడి నుంచి యాభై దాటిన రత్నమ్మను ఆమె చెల్లెలు సరోజమ్మ తీసుకొచ్చేది. పక్షవాతం తర్వాత రత్నమ్మకు అఫేసియా వచ్చింది. అంటే ఎదుటివాళ్ల మాట అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్న మాట మాత్రం నోటికి అందదు. ఏది అడిగినా “అదే, అదే” అనేది.

వారాల తరబడి బొమ్మలు చూపించాను. ఆవైనా “అదే”, అరటిపండైనా “అదే”. ఒకరోజు ఆమె బొమ్మల్ని తోసేసి గోడవైపు తిరిగి కూర్చుంది.

“పొద్దున బస్సెక్కేకే ఒప్పుకోలేదప్పా,” అంది సరోజమ్మ కళ్లు తుడుచుకుంటూ. “ఇంక తీసుకొచ్చేది నా చేత కాదు. మాయక్క ఎట్లాంటి మనిషి! వీధిలో ఎవురు ఎట్ల నవ్వుతారో నవ్వి చూపిస్తా ఉండె.”

ఆ మాటకు నాకో ఆలోచన తట్టింది. నవ్వుల పేర్లలో జంట మాటలెన్నో! పకపక, కిలకిల, ఇకఇక. ఇలాంటి రోగులకు మాట మొదలు అందిస్తే మిగతాది ఒక్కోసారి దానంతటదే వస్తుంది. అలా అందించే మొదలును మేం ‘క్యూ’ అంటాం. నోరంతా తెరిచి నవ్వి, “పక...” అని ఆగాను.

రత్నమ్మ ఇటు తిరిగింది. పెదాలు కదిలాయి. “...పక!”

సరోజమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. కానీ రత్నమ్మ నా మాటనే తిరిగి పలికిందేమో! ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోలోపలే నవ్వుతూ, కావాలనే తప్పు మాట అందించాను. “పక...”

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తల అడ్డంగా ఊపింది. పకపక అంటే బయటికి పగిలే నవ్వు, నేను నవ్వింది దాచుకునే నవ్వు. ఎడమచేత్తో బల్ల చరుస్తూ వెతుక్కుంది.

“ము... ము... ముసిముసి!”

ఎవరూ అందించని మాట! తనంతట తాను ఏరుకున్న మాట! ఆనందం పట్టలేక పళ్లన్నీ బయటపెట్టి నవ్వేశాను. రత్నమ్మ నావైపు వేలు చూపించి, “ఇకి... ఇకిలింపు!” అంది. ముగ్గురం విరగబడి నవ్వుతుంటే పక్కగది నర్సు ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

అక్కడినుంచి ఏడుపుల జంట మాటలకూ, వంటింటి చప్పుళ్ల మాటలకూ వెళ్లాం. కొన్ని నెలలకు చిన్నచిన్న వాక్యాలు వచ్చాయి. ఒకనాడు తలుపు తోసుకుని వస్తూనే, “బాగుండావా అప్పా?” అని ఆమే ముందు పలకరించింది.

ఇప్పుడు కొత్త రోగి వస్తే, బొమ్మల పెట్టె తెరిచేముందు ఇంటివాళ్లను ఒకటే అడుగుతాను: “ఈ మనిషికి ఏం మాట్లాడితే హుషారు?” మాట అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. అది నాకు నేర్పింది రత్నమ్మే.