మాట పోయిన కంప్యూటర్

2014 జనవరిలో నన్ను విజయనగరం ప్రాంతీయ కార్యాలయం నుంచి శ్రీకాకుళం జిల్లా కార్యాలయానికి డెప్యుటేషన్ మీద పంపారు. డెప్యుటేషన్ అంటే పోస్టు పాత చోటే ఉంటుంది, పని మాత్రం కొత్త చోట. అప్పటికి నేను అసిస్టెంట్ ప్రోగ్రామర్‌ని. రెండు జిల్లాల్లో మా శాఖకు ఆ హోదాలో ఉన్నది నేనొక్కదాన్నే. శాఖ పేరు ఇక్కడ అవసరం లేదు. తీరం వెంబడి చేపల వేట మీద బతికే కుటుంబాల దరఖాస్తులు, వినతులు చూసే శాఖ అంటే చాలు.

ఉత్తర్వులో నా పని రెండు వాక్యాల్లో ఉంది. జిల్లా కార్యాలయంలోని ఇరవై మూడు కంప్యూటర్లూ విండోస్ ఎక్స్‌పీ మీద నడుస్తున్నాయి. ఏప్రిల్ తర్వాత దానికి భద్రతా సవరణలు రావు కాబట్టి, ఈలోగా తగిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచి, మార్చి, నివేదిక పంపాలి.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే మీట నొక్కగానే యంత్రాన్ని మేల్కొలిపి, కీబోర్డుకీ తెరకీ ప్రింటర్‌కీ మనం వాడే ప్రోగ్రాములకీ మధ్య పని పంచే మూల ప్రోగ్రామ్. ఒకదాని కోసం తయారైన ప్రోగ్రామ్ ఇంకొకదాని మీద సాధారణంగా నడవదు. అది మారిందంటే మనిషి చేతికి అలవాటైన దారులన్నీ మారిపోతాయి. ఈ చివరి వాక్యం అప్పట్లో నా నోట్సులో లేదు.

నా ముందు మూడు దారులున్నాయి. ఎక్స్‌పీనే ఉంచేసి ఇంటర్నెట్ తీసేయడం ఒకటి. అది కుదరదు, దరఖాస్తులన్నీ ఆన్‌లైన్‌కి మారుతున్నాయి. కొత్త విండోస్ పెట్టడం రెండోది. మా పాత యంత్రాల్లో చాలావాటికి దాన్ని మోసే మెమరీ లేదు. మూడోది లినక్స్. పాత యంత్రం మీద కూడా తేలిగ్గా నడుస్తుంది, లైసెన్సు అక్కర్లేదు. నా గదిలో సొంత కంప్యూటర్‌కి ఆరేళ్ళుగా అదే వాడుతున్నాను. పద్ధతి ప్రకారం అవసరాల సర్వే ఫారం తయారు చేసి, సర్క్యులర్‌తో అన్ని సెక్షన్లకూ పంపాను. వాడేవారి పేరు, హోదా, వాడే ప్రోగ్రాములు, ప్రత్యేక అవసరాలు అని నాలుగు గడులు. నింపిన ఫారాలు నాలుగు రోజుల్లో తిరిగొచ్చాయి. వాటిని చూసి లినక్స్ అని నిర్ణయించాను. కాగితం మీద ఆ నిర్ణయంలో తప్పు లేదు.

ఆమదాలవలసలో స్టేషన్‌కి దగ్గర్లో, ఒక బియ్యం దుకాణం మేడ మీద గది తీసుకున్నాను. రోజూ ఆటోలో శ్రీకాకుళం వెళ్ళొచ్చేదాన్ని. నాకు పెళ్ళి కాలేదు. కొత్తవలసలో నాతో ఉండే అమ్మ పోయి అప్పటికి ఏడాది. ఆఫీసులో నన్ను ‘విజయనగరం మేడమ్’ అనేవారు. మధ్యాహ్నం ఎవరి సెక్షన్‌లో వారు క్యారేజీలు విప్పుకునేవారు. నాకు సెక్షన్ లేదు కాబట్టి సర్వర్ గదిలో ఒక్కదాన్నే తినేదాన్ని. కొన్ని ఆదివారాలు దుకాణదారుతో ‘తాళం వేశారా’ అన్న మాట తప్ప మరో మాట ఉండేది కాదు. కంప్యూటర్ల మధ్య పని చేసేవాళ్ళకు ఇది మామూలే అనుకునేదాన్ని.

పెద్ద మార్పుకు ముందు ఒక్క యంత్రం మీద ప్రయోగం చేసి చూడాలి. దాన్ని పైలట్ అంటారు. అందరికన్నా తక్కువగా వాడే యంత్రాన్ని ఎంచుకోవడం ఆనవాయితీ. వరండా పక్క గదిలో, ఫోన్ దగ్గర ఒక కంప్యూటర్ ఉండేది. నేను ఎప్పుడు అటు వెళ్ళినా దాని తెర ఆర్పేసి ఉండేది. ఆ కుర్చీలో ఎర్రయ్య అనే జూనియర్ అసిస్టెంట్ కూర్చునేవాడు. ముప్పై దాటిన మనిషి, సంతబొమ్మాళి వైపు వేట కుటుంబం. చిన్నప్పుడే చూపు పోయింది. చెవులకు హెడ్‌ఫోన్లు ఉండేవి. సూపరింటెండెంట్ సూర్యనారాయణ గారు మొదటి రోజే “ఆడు ఫోన్లు సూసుకుంటాడు మేడమ్” అని చెప్పారు. అతని ఫారంలో ప్రోగ్రాముల గడిలో ‘టైపు’ అనీ, ప్రత్యేక అవసరాల గడిలో ‘లేవు’ అనీ ఉంది. చూపు లేని మనిషి ఆ ఫారం తన చేత్తో నింపి ఉండడు కదా అన్న ఆలోచన నాకు రాలేదు. హెడ్‌ఫోన్లలో పాటలు వింటున్నాడనుకున్నాను.

రెండో శనివారం సెలవు నాడు వెళ్ళి, అతని పత్రాల ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, డిస్కు మొత్తం తుడిచేసి లినక్స్ ఎక్కించాను. పత్రాలు మళ్ళీ వాటి చోట పెట్టాను. మూడు గంటల్లో పని అయిపోయింది.

ఆ తర్వాతి వారంలో మిగతా యంత్రాలు మార్చడం మొదలుపెట్టాను. గోల మొదలైంది. “ఏటి మేడమ్, నా బొమ్మలన్నీ ఎటెల్లిపోనాయి?” అని సూర్యనారాయణ గారు రోజుకు రెండుసార్లు పిలిచేవారు. ప్రింటు రావడం లేదని ఒకరు, అక్షరాలు సన్నగా ఉన్నాయని ఒకరు. పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఉత్తరాలు తెరిస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయని ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ అంతా నా మీద కోపంగా ఉంది. ఒక్క వరండా గది నుంచి మాత్రం చప్పుడు లేదు. అందుచేత ప్రాంతీయ కార్యాలయానికి పంపిన మొదటి నివేదికలో ఇలా రాశాను: ‘పైలట్ యంత్రం సంతృప్తికరంగా పనిచేయుచున్నది. ఎట్టి ఫిర్యాదూ రాలేదు.’

తొమ్మిదో పనిరోజున సర్వర్ గది గుమ్మంలో ఒకావిడ నిలబడింది. అరవై ఏళ్ళుంటాయి, చేతిలో ప్లాస్టిక్ సంచి. పేరు నూకమ్మ అని తర్వాత తెలిసింది.

“నువ్వేనా అమ్మా, మా ఎర్రయ్య మిషను నోరు మూసేసినావు?”

నాకు అర్థం కాలేదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“మూడుసార్లొచ్చినాను. రెండు బస్సులు మారి రావాల. ఒచ్చినప్పుడల్లా మిషను పలకట్నేదు, రేపు రా పిన్నీ అంతన్నాడు. నా కొడుకు బోటెక్కి ఎల్లి ఇరవై రోజులయ్యింది, తిరిగి రానేదు. ఆ బోటు మీద నలుగురెల్లినారు. తప్పిపోయినోల్ల లిస్టులో ముగ్గురి పేర్లే రాసినారంట. నా గుంటడి పేరు నేదు.”

మిగతా సెక్షన్లలో ఎవరితోనైనా రాయించుకోవచ్చు కదా అన్నాను.

“ఆల్లు నేనొకటి సెప్తే ఒకటి రాస్తారు. ఏ బోటు, ఏ రేవు, ఏ గాలికి ఎల్లినాడో ఎర్రయ్యకి తెలుస్తాది. నాను సెప్తంటే ఆడు కొట్టేస్తాడు. మల్లీ సదివి ఇనిపిస్తాడు.”

చదివి వినిపిస్తాడన్న మాట దగ్గర నాకు విషయం తెలిసింది. ఆ నిమిషంలో నా మొహం ఎలా ఉందో తెలియదు గాని, నూకమ్మ గొంతు తగ్గించి “నీళ్ళు తాగమ్మా” అంది.

వరండా గదికి వెళ్ళాను. ఎర్రయ్య చేతులు కీబోర్డు మీద పెట్టుకుని కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడుకి లేచి నిలబడ్డాడు. అతని పక్కన కూర్చుని మొదటిసారి అడిగాను, నువ్వు ఈ యంత్రంతో ఏం చేసేవాడివి అని. వాక్యాల మధ్య ఆగి ఆగి చెప్పాడు. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివే ప్రోగ్రామ్ ఒకటుంటుంది. అతను కొట్టే ప్రతి అక్షరాన్నీ అది హెడ్‌ఫోన్లలో పలుకుతుంది. తెర వెలగవలసిన పని లేదు. నాలుగేళ్ళుగా సోమవారం గ్రీవెన్స్‌కి వచ్చే వినతుల్లో సగం అతనే టైపు చేస్తున్నాడు. ఫైళ్ళలో ఆ వినతుల కింద సంతకాలు, వేలిముద్రలు ఇచ్చినవాళ్ళవి కాబట్టి, టైపు చేసిందెవరో ఎవరికీ తెలియలేదు.

ఇంకొకటి కూడా చెప్పాడు. ఆ గొంతు మన ఊళ్ళ పేర్లను సరిగ్గా పలకదు. ఇంటిపేర్లు ఒకదానిలా మరొకటి వినిపిస్తాయి. అందుకని ఒక్కొక్క పేరునూ ఎలా పలకాలో దానికి నేర్పుకుంటూ ఒక ఉచ్చారణ పట్టిక తయారు చేసుకున్నాడు. ఊళ్ళు, రేవులు, వలల రకాలు, గాలుల పేర్లు. అది పత్రాల ఫోల్డర్‌లో ఉండదు, ప్రోగ్రామ్ తన సొంత ఫోల్డర్‌లో దాచుకుంటుంది. నేను తీసుకున్నది పత్రాల ఫోల్డర్ ఒక్కటే. తుడిచేసిన డిస్కు మీద కొత్త సిస్టమ్ ఎక్కించాక దాన్ని వెనక్కి తేవడం నా వల్ల కాలేదు. రెండు రోజులు ప్రయత్నించాను.

ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“ఏటని సెప్పమంటారు మేడమ్? పెద్దోళ్ళు ఆలోసించే సేసుంటారనుకున్నాను. ఈ కుర్సీ కోసం నాలుగేళ్ళు తిరిగినాను. మిషను పలకట్లేదంటే, ఈడికి మిషనెందుకు, ఫోనొకటి సాలు అని రాసేస్తారేమోనని బయమేసింది. రోజూ ఒచ్చి మీట నొక్కేవోడిని. ఇయ్యాల పలుకుతాదేమో అని.”

తొమ్మిది రోజుల పాటు, పదిన్నర నుంచి అయిదు వరకు, ఏమీ వినిపించని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ మనిషి కూర్చున్నాడు. అదే తొమ్మిది రోజులు నేను గోడకు అవతల ఒక్కదాన్నే అన్నం తిన్నాను. ఇద్దరిలో ఎవరమూ లేచి రెండో గదికి వెళ్ళలేదు. అతను వెళ్ళకపోవడానికి కారణం ఉంది. నాకు లేదు.

ముందు నూకమ్మ పని చూశాం. ఆమె చెబుతుంటే నేనే టైపు చేశాను, ఎర్రయ్య పక్కన కూర్చుని ప్రశ్నలు వేశాడు. బోటు గుర్తు రంగు అడిగాడు, ఎవరి వాటా మీద వెళ్ళాడో అడిగాడు, ఒడ్డున బోటు నెట్టినవాళ్ళలో సాక్షులెవరో అడిగాడు. అవేవీ నాకు తోచే ప్రశ్నలు కావు. ఆ రోజే వినతి డైరీ నంబరు పడి పై అధికారికి వెళ్ళింది. వారం లోపల నాలుగో పేరు జాబితాలో చేరింది. మనిషి మాత్రం దొరకలేదని తర్వాత ఎర్రయ్య చెప్పాడు.

లినక్స్‌లోనూ చదివే ప్రోగ్రామ్ ఉంది. నేను నమ్మిన సిస్టమ్ కాబట్టి దానితోనే నెట్టుకొద్దామని మూడు రోజులు చూశాను. తెర ఆర్పేసి, అతని హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక ఉత్తరం టైపు చేయబోయాను. ఆ పాత యంత్రం మీద గొంతు అక్షరానికి అర క్షణం వెనకబడుతోంది. మీటల వరసలు వేరు. తెలుగు పలుకుతుంది గాని ఎర్రయ్య వేగానికి అందదు. నాలుగో రోజున ప్రాంతీయ కార్యాలయం నాకిచ్చిన కంప్యూటర్‌ని, అంటే కొత్త విండోస్ ఉన్నదాన్ని, తీసుకెళ్ళి, అతనికి అలవాటైన చదివే ప్రోగ్రామ్ ఎక్కించి, అతని బల్ల మీద పెట్టాను. అతని పాత యంత్రం నేను తీసుకున్నాను.

ఆ తర్వాత సవరణ నివేదిక రాశాను. మొదటి నివేదికలో పైలట్ గురించి రాసింది వాస్తవం కాదనీ, ఒక ఉద్యోగి పని సాధనాన్ని విచారణ లేకుండా తొలగించాననీ, ఇరవై రెండు యంత్రాలకు ఒక సిస్టమ్, ఒకదానికి మరొకటి ఉంచవలసి ఉంటుందనీ. మా డిప్యూటీ డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. అన్నింటా ఒకే సిస్టమ్ ఉన్న మొదటి జిల్లాగా చూపించాలనుకుంటున్నామనీ, ఒక్క మనిషి కోసం లెక్క చెడగొట్టవద్దనీ, సవరణ వెనక్కి తీసుకోమనీ అన్నారు. తీసుకోలేనని చెప్పాను. పది రోజులకు మెమో వచ్చింది, తప్పుడు నివేదిక పంపినందుకు సంజాయిషీ ఇమ్మని. ఇచ్చాను. అది నా సర్వీసు రిజిస్టర్‌లో ఇప్పటికీ ఉంది. న్యాయంగా చూస్తే ఉండవలసిందే.

ఉచ్చారణ పట్టికను మళ్ళీ మొదటి నుంచి కట్టాం. ఆఫీసు తెరవడానికి ముందు గంటసేపు కూర్చునేవాళ్ళం. అతను పేరు చెప్పేవాడు, యంత్రం దాన్ని ఎలా ఖూనీ చేస్తుందో వినేవాళ్ళం, నేను అక్షరాలు మార్చి రాసేదాన్ని, మళ్ళీ వినేవాళ్ళం. “ఆఁ, ఇప్పుడు మనూరోడిలా పలికింది” అనేవాడు కుదిరినప్పుడు. మే నెలాఖరుకి పాతదాంట్లో సగం దాకా వచ్చింది. ఆ రోజుల్లోనే ఒకసారి అడిగాడు, ఇంటికి ఒక కంప్యూటర్ కొనుక్కుంటే ఏ సిస్టమ్ మంచిదని. అంతకుముందైతే ఆ ప్రశ్నకు నా దగ్గర ఒకే జవాబు ఉండేది. ఇంట్లో దానితో ఏం చేస్తావని అడిగాను.

“సదువుకుంటానండి. ఇంతవరకూ ఏ పుస్తకమైనా ఒకరు సదివితే ఇన్నాను. నాకు ఇష్టమొచ్చిన కాడ ఆపి, మల్లీ ఎనక్కెల్లి ఇనడం ఎప్పుడూ నేదు.”

ఆఫీసులో ఏది ఉందో ఇంట్లోనూ అదే పెట్టుకోమన్నాను. చేతులు ఒకసారి నేర్చుకున్న దారి రెండు చోట్లా పనికొస్తుంది, పట్టిక రెండు చోట్లా నడుస్తుంది. నా గదిలో లినక్స్ అలాగే ఉంది. నా పనికి అది చాలు.

జూన్‌లో డెప్యుటేషన్ రద్దయి విజయనగరం తిరిగి వచ్చేశాను. బస్టాండు దాకా వచ్చినవాళ్ళెవరూ లేరు. నేనూ ఎవరికీ బస్సు వేళ చెప్పలేదు. ఎర్రయ్యతో తర్వాత రెండు మూడుసార్లు ఫోన్‌లో మాట్లాడాను. పట్టిక పూర్తయిందన్నాడు. ఆ తర్వాత అతనికి బదిలీ అయింది, నంబరు మారింది.

ఉద్యోగంలో మిగిలిన అయిదేళ్ళలో మరో నాలుగు కార్యాలయాల్లో ఇదే పని చేశాను. ఎక్కడా ఫారం పంపలేదు. ప్రతి మనిషి పక్కన పని వేళలో ఒక గంట కూర్చున్నాను. దానికి ఎక్కువ రోజులు పడుతుందని పైవాళ్ళు రెండుసార్లు రాతపూర్వకంగా అడిగారు. పడుతుందని రాతపూర్వకంగానే జవాబిచ్చాను. ఇంటికైనా ఆఫీసుకైనా ఎవరు నన్ను సలహా అడిగినా ఇప్పటికీ చెప్పేది ఒకటే వరస: ముందు మనిషి ఎవరో చూడాలి, తర్వాత ఆ మనిషి చేసే పని, ఆ పనికి కావలసిన ప్రోగ్రామ్, దాన్ని మోసే యంత్రం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను చిట్టచివర ఎంచుకోవాలి. నేను దాన్ని ముందు ఎంచుకున్నాను.