ఆధారం తెచ్చిన సారు

కదిరిలో నేను నెట్ సెంటర్ నడిపేటప్పుడు, ఓపెన్ స్కూలు సారు ఒకాయన ఇంటర్నెట్ విజ్ఞానసర్వస్వంలో రాసేది నా దగ్గరే నేర్చుకున్నారు. సార్వత్రిక విద్య మీద వ్యాసం మొదలుపెట్టినారు.

ఆయనకొక అలవాటు. సేవ్ బటన్ నొక్కే ముందు లేచి నిలబడి, సెంటరంతా వినపడేట్టు అడిగేవారు: "ఎవురికన్నా అభ్యంతరముండాదా అప్పా?"

చాటింగులో మునిగిన పిల్లోళ్లు తలెత్తేవాళ్లు కాదు. పంచాయితీలో తీర్మానం అయిపోయినట్టు ఆయన బటన్ నొక్కేవారు.

ఒకరోజు, "బడి మానేసినవాళ్లు ఏ వయసులోనైనా పదో తరగతి పరీక్ష రాయవచ్చు" అన్న ఆయన వాక్యం పక్కన ఆ సైటులో రాసే ఇంకెవరో "ఆధారం కావాలి" అని తగిలించినారు. పుస్తకం పేరు రాస్తే చాలని నేను చెప్పేలోగా సారు బయటికి పోయినారు. చెనక్కాయల నూనె మిల్లులో పనిచేసే తన విద్యార్థిని ఒకామెను పిలుచుకొచ్చి, కంప్యూటర్ ముందర కూచోబెట్టినారు.

"ఇదో, ఆధారం. చెప్పుమ్మా వాళ్లకి."

ఆమె మానిటర్‌కు దండం పెట్టింది. "నిజమే సార్, నేను పరీక్ష రాసినా."

సారు ఆ మాట టైపు చేసి, లేచి, ఎప్పట్లాగే అభ్యంతరం అడిగినారు.

ఆమె తెర మీద రాసింది చదివి చెయ్యెత్తింది. "నాకుండాది సార్. నేను లెక్కల్లో తప్పినా కదా, అది రాయలేదే?"

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"చూస్తివా అప్పా," అన్నారు నాతో, "ఇన్నాళ్లకు నా వ్యాసం ఒకరు చదివినారు!"