లావోస్ దారాలు

గాలి సోకడం, దెయ్యం పట్టడం లాంటివి నేను ఏనాడూ నమ్మలేదు. పన్నెండేళ్ళుగా ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. గాలి సోకిందని ఆటోలో తీసుకొచ్చిన వాళ్ళలో సగం మందికి షుగర్ పడిపోయి ఉంటుంది. గ్లూకోజ్ ఎక్కిస్తే ఆ గాలి దానంతటదే దిగిపోతుంది. అందుకే ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది.

మాది అక్కుపల్లి. బాప్టిస్టు కుటుంబం. మా ఆయన యాకోబు వెల్డరు. ఇక్కడి మగవాళ్ళలో చాలామందిలాగే ఆయనా దేశాలు తిరిగాడు. చివరిసారి లావోస్‌లో డ్యామ్ పనికి వెళ్ళి పరంజా మీద నుంచి పడ్డాడు. ఎముక విరగలేదు, తలకు దెబ్బ తగల్లేదు. కానీ చేతులు వణుకుతుంటే ఇంటికి పంపేశారు.

వచ్చేటప్పటికి రెండు మణికట్లకూ బోలెడన్ని తెల్ల నూలు దారాలు. క్యాంపులో వంటచేసే పెద్దావిడ ప్రయాణానికి ముందురోజు కట్టించిందట. ఆవిడను అందరూ 'మే' అంటారు, అమ్మ అని. మనిషి ఒంట్లో ముప్పై రెండు ప్రాణాలుంటాయని, జడుసుకుంటే వాటిలో ఏదో ఒకటి అక్కడే ఉండిపోతుందని వాళ్ళ నమ్మకం. అరటాకులు, బంతిపూలు గోపురంలా పేర్చి, అన్నం, ఉడికిన గుడ్లు పెట్టి దాన్ని వెనక్కి పిలుస్తారు. వచ్చింది మళ్ళీ పోకుండా ఒక్కొక్కరే దీవించి దారం కడతారు.

మా అత్త ఆ దారాలు చూసింది. "ఇయేటే, మన ఇళ్ళల్లో కట్టుకునేవా? తీసీ" అంది. నాకూ చిరాకే. డ్రెస్సింగ్ కత్తెర తెచ్చి కత్తిరించేశాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేను ఆగలేదు.

మర్నాటి నుంచి పిలిస్తే పలకడం మానేశాడు. పెడితే తినేవాడు, లేపితే లేచేవాడు. మిగతా రోజంతా అరుగు మీద కూర్చునేవాడు. విశాఖ తీసుకెళ్ళాం. స్కాన్‌లో ఏమీ లేదు, షాక్ అన్నారు. రోజూ పక్కన కూర్చుని పేరుపెట్టి పిలిచేదాన్ని. మెల్లగా, కోపంగా, ఏడుస్తూ, అన్ని రకాలుగానూ. నా మొగుడు నాకు మళ్ళీ దక్కడేమోనని భయం పట్టుకుంది.

ఆయనతో పనిచేసిన నౌపడ శ్రీను లావోస్ నుంచి ఫోన్ చేస్తే సంగతంతా చెప్పాను. ఆ దారాలు కనీసం మూడు రోజులుంచాలట, తీసేటప్పుడు ముడి విప్పాలే గానీ కత్తెర పెట్టకూడదట. "'మే'కి సెప్తాను వదినా" అన్నాడు. నేను పట్టించుకోలేదు.

ఇరవై మూడో రోజు. అత్త వాకిట్లో బియ్యం చెరుగుతోంది. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఉన్నట్టుండి తల ఎత్తి, "ఆఁ, వత్తన్నాను" అన్నాడు. ఎవరూ పిలవలేదు. లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, "ఆకలేత్తంది, అన్నం ఎట్టు" అన్నాడు. అలవాటుకొద్దీ నాడి పట్టుకుని గడియారం చూశాను. పదీ పది.

సాయంత్రం శ్రీను ఒక వీడియో పంపాడు. మా ఆయన అక్కడ వదిలేసిన చొక్కా ఒకటి భుజాన వేసుకుని, మే పరంజా దగ్గరికి వెళ్ళింది. ఆయన పడిన చోట, చుక్క నీరు లేని నేల మీద, చిన్న చేతివలతో మూడుసార్లు తోడింది. తోడినప్పుడల్లా "యాకోబ్" అని పిలిచింది. తర్వాత ఖాళీ వలను చొక్కాలో చుట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. అత్త వీడియో చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అది తీసింది ఆ రోజే, అక్కడి పదకొండూ నలభైకి. వాళ్ళ టైము మనకంటే గంటన్నర ముందు.

షాక్ దానంతటదే తగ్గి ఉండొచ్చు. వేరొకరి ఇంట్లో జరిగితే నేనూ అదే చెప్పేదాన్ని.

ఇప్పుడు ఆయన మూలపేటలో పనికి వెళ్తున్నాడు. చేతులు వణకడం లేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ మనసులో మాట అడిగేశాను. అన్ని రోజులు నేను పిలిస్తే పలకలేదు, ఎవరో పరాయి ఆవిడ పిలిస్తే ఎలా పలికావని. నాకు ఉక్రోషంగానే ఉండేది మరి.

ఆయన కంచంలో అన్నం కలుపుతూనే అన్నాడు.

"పలకనేదని ఎవులన్నారు? నువ్వు పిలవడం రోజూ ఇనపడీది. పలికీవోణ్ణి కూడా. నీకే ఇనపడనేదు."

ఇరవై మూడు రోజులు ఆయన పక్కనే, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడి నుంచి పలికాడో నాకు ఇప్పటికీ తెలియదు.