జయమణి కవితలో గొడుగు

జయమణి చందర్లపాడు దగ్గర ఒక పల్లెలో టీచరు. ఎవరైనా మెచ్చుకుంటే ఆమె ఒక పట్టాన నమ్మదు, తప్పు పట్టినా నమ్మదు. తల్లి రత్తమ్మతో మిరప కోతలకు వెళ్తూనే చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంది. "మీకేం, కోటాలో వచ్చేస్తాయి" అన్న మాట స్టాఫ్ రూముల్లో చాలాసార్లు వింది. నవ్వుతూ మాట్లాడేవాళ్ళ మనసులో ఏముందోనని వెతకడం అలాగే అలవాటైంది.

నందిగామలో నెలకోసారి జరిగే కవుల సభలో ఆమె 'మిరప కోత' అనే కవిత చదివి, తప్పులుంటే చెప్పమంది. వెంకటరత్నం మాస్టారు అక్కడ పెద్దదిక్కు. జగ్గయ్యపేటలో తెలుగు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మిరప తోటలున్న ఆసామి. ఆ రోజు అందరి కవితలూ బాగున్నాయన్నారు. జయమణి కాగితం మాత్రం అడిగి తీసుకుని, ఎర్ర పెన్నుతో సగం కొట్టేసి ఇచ్చారు.

బస్సులో ఆ కాగితం చూసుకుని ఆమె రగిలిపోయింది. పైరగాలి పాట, పల్లెతల్లి చిరునవ్వు అన్నీ పోయాయి. 'అమ్మ ఆ రాత్రి నన్నెత్తుకోలేదు, చేతులు మంట' అన్న చోట మాత్రం టిక్కు పెట్టి ఉంది. అంటే మాలాంటివాళ్ళు ఏడుపే రాయాలా?

ఆదివారం ఆయనింటికే వెళ్ళింది.

"అందరివీ బాగున్నాయన్నారు. నాదే ఎందుకు కొట్టేశారండి?"

"తప్పులుంటే చెప్పమని మీరొక్కరే అడిగారు కదమ్మా. పైరగాలి పాట ఎవరైనా రాస్తారు. మీ అమ్మ చేతుల మంట మీరే రాయాలి."

జవాబు మరీ నున్నగా ఉందనిపించింది. ఆయన్ని పరీక్షించాలనుకుంది. కొన్నాళ్ళకు కవితలో కొత్త పంక్తులు చేర్చి మళ్ళీ తీసుకెళ్ళింది.

'ఇది అన్యాయం, ఇది దోపిడీ.
గట్టు మీద గొడుగు కింద నిలబడ్డాయనకి
మా బస్తాలు తెలుసు, మా పేర్లు తెలియవు.'

ఆయన చదువుతుంటే కళ్ళార్పకుండా ఆ ముఖమే చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ చదివారు. పెన్ను తీశారు.

"కొట్టేస్తారని తెలుసండి" అంది జయమణి.

ఆయన కొట్టేసింది మొదటి పంక్తి.

"గొడుగు ఉంచండి. అన్యాయమని ముందే మీరు చెప్పేస్తే, చదివేవాడు తలూపి తప్పించుకుంటాడు. తప్పించుకోనివ్వకండి."

"మీకు కోపం రాలేదా మాస్టారూ?"

"వచ్చింది. అందుకే ఉంచమంటున్నా."

పై నెల సభలో ఆమె గొడుగు దాకా చదివేసరికి ముందు వరసలో ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. చివర్లో కొందరు చప్పట్లు కొట్టారు. మాస్టారు కొట్టలేదు, తలొంచుకుని కూర్చున్నారు. అది సిగ్గో, బాధో, ఇంకేదో జయమణికి అంతుపట్టలేదు.

తన బడి గురించి ఇంకో కవిత రాసినప్పుడు మాత్రం ముందుగా ఆయన గుమ్మమే ఎక్కింది. కాగితం చేతికిచ్చి, ఆయన ముఖం బాగా కనపడేలా కుర్చీ జరుపుకుని కూర్చుంది.