అరువు తెచ్చిన కలిమి

మా వీధిలో ఎవరింటికైనా "చూడ్డానికి వస్తున్నారు" అన్నారంటే దానికి ఒకటే అర్థం, పెళ్ళిచూపులు. ఆ మాట చెవిన పడగానే వీధిలోని మంచి సామానంతా ఆ ఇంటికి నడిచి వెళ్ళేది. గార్డుగారింటి రేడియో, డ్రైవరుగారింటి పేము కుర్చీలు, ఎదురింటి బెంగాలీ దీదీ పింగాణీ కప్పులు, అన్నీ. మగపెళ్ళివారు వెళ్ళాక ఎవరివి వాళ్ళు పట్టుకుపోయేవారు. ఆ ఒక్క రేడియో మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఎన్ని పెళ్ళిళ్ళు కుదిర్చిందో దానికే తెలియాలి. దీన్ని మోసమని ఎవరూ అనుకోలేదు. వీధిలో చాలామంది శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పనికొచ్చి, ఒంటిగది క్వార్టర్లలో కాపురాలు పెట్టినవాళ్ళు. ఒకరి పరువు ఒకరు కాయకపోతే ఎవరు కాస్తారు?

పంతొమ్మిదివందల అరవైల్లో మా ఇంటికీ చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. కాకపోతే వచ్చేది పెళ్ళివారు కాదు, అమెరికాలోని ఒక ఆడపిల్లల కాలేజీ తరఫు మనిషి.

నాకు లెక్కల పిచ్చి. మా స్కూలు పెద్ద టీచరమ్మ ఆ పిచ్చి చూసి, అమెరికాలో కొన్ని పెద్ద కాలేజీలున్నాయనీ, వాటిలో సీటు దొరకడం కష్టమేగానీ, దొరికాక ఇంట్లో నిజంగా స్తోమత లేదని తేలితే ఖర్చంతా వాళ్ళే పెట్టుకుంటారనీ చెప్పింది. రాశాను. సీటు వచ్చింది. డబ్బు సంగతి మాత్రం ఇల్లు చూశాకే అన్నారు. ఆ కాలేజీలో చదువుకున్న ఒకావిడ మా ఊళ్ళోనే ఉంది, ఇంజనీరింగ్ కాలేజీకి పాఠాలు చెప్పడానికొచ్చిన అమెరికా ప్రొఫెసరుగారి భార్య. ఆవిడే వచ్చి చూసి రాయాలి. ఆవిడ ఇవ్వమంటే నా చదువు, వద్దంటే వంటిల్లు. మధ్యలో ఇంకేమీ లేదు.

అమ్మ విన్నది "చూడ్డానికి వస్తున్నారు" అన్నంతవరకే.

నేను టీచరమ్మ ఇంటికి వెళ్ళి తిరిగొచ్చేసరికి మా గది ఆనవాలు నాకే దొరకలేదు. మూల రేడియో, బల్ల మీద ఫ్యాను, గోడకి ఎవరిదో గడియారం, కింద పువ్వుల తివాసీ. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అమ్మా, మనకి లేదని చూస్తేనే వాళ్ళు ఇస్తారు. ఇవన్నీ తీయించెయ్యి" అన్నాను.

"లేదని సూపిస్తే ఎవరేనా ఇచ్చినారేటే ఎప్పుడైనా? ఉన్నమ్మ ఉన్నమ్మకే పెడతాది, లేనమ్మా ఉన్నమ్మకే పెడతాది. నీకేటి తెల్సు? ఎల్లి మొకం కడుక్కో" అంది అమ్మ.

నాన్నవైపు చూశాను. ఆయన అప్పటికే టిఫిను డబ్బా సైకిలుకి తగిలించుకుంటున్నాడు. "నాకు డ్యూటీ ఉందమ్మా" అని తప్పుకున్నాడు. ఆడవాళ్ళ యుద్ధంలో తలదూర్చేవాడైతే వర్క్‌షాపులో అన్నేళ్ళు పనిచేసేవాడా?

నాకు దీదీ పట్టుచీర కట్టారు. గార్డుగారి భార్య తన మెళ్ళోని గొలుసు తీసి నా మెళ్ళో వేసింది. ఏడుపు మొహంతో ఉన్నా నేను బానే ఉన్నానట.

దొరసాని రిక్షాలో దిగింది. పొడుగ్గా, ఎండకి కందిపోయి, నవ్వుతూ ఉంది. వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది. డ్రైవరుగారి కుర్చీలో కూర్చుని, ఫ్యాను గాలికి తెరిపిన పడి, అమ్మ పెట్టిన పూర్ణం బూరెలూ గోల్‌బజార్ సందేశ్ మిఠాయిలూ వద్దనకుండా తింది. అమ్మ మొహం వెలిగిపోతోంది, నా లెక్క మాత్రం తప్పిపోతోంది.

అన్నీ తిన్నాక ఆవిడ గదంతా కలయజూసి నాతో ఇంగ్లీషులో మెల్లగా అంది. "మీ ఇల్లు చాలా బాగుంది. ఇలాంటి రేడియో మా ఇంట్లో కూడా లేదు. కానీ అమ్మాయ్, ఆ సాయం ఉన్నది ఏమీ లేని పిల్లలకోసం. నేను ఉన్నదున్నట్టే రాయాలి కదా."

నిజం చెబితే మా అమ్మ పరువు ఆ తివాసీ మీదే పోతుంది. చెప్పకపోతే నా చదువు పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏటంతంది?" అని అడిగింది అమ్మ.

"మనం ఉన్నవాళ్ళమట. అంచేత ఇవ్వరట" అన్నాను.

అమ్మ మొహంలో రంగు పోయింది. ఆ క్షణంలో నాకు చదువూ వద్దు, ఏమీ వద్దు, అమ్మ మొహం మళ్ళీ ఇందాకటిలా అయితే చాలనిపించింది. అప్పుడు అమ్మ కొంగు బిగించి లేచింది. వచ్చిన బజారు హిందీ అంతా కూడగట్టుకుంది. ఖరగ్‌పూర్‌లో కూరలు కొనుక్కునే దొరసానికి కూడా ఆపాటి హిందీ వచ్చు.

"మేమ్‌సాబ్, యే రేడియో హమారా నహీ" అంది రేడియో మీద చెయ్యి వేసి.

"హమారా, హమారా" అంది కిటికీలోంచి గార్డుగారి భార్య. అంతసేపూ అక్కడే నక్కి ఉంది.

"కుర్సీ, డ్రైవర్ సాబ్ కా. కప్, దీదీ కా. ఘడీ, పంఖా, సబ్ దూస్‌రా కా." అమ్మ గదంతా తిరుగుతోంది, ఒక్కొక్కటీ ముట్టుకుని చెబుతోంది. ఒక్కో వస్తువుకీ కిటికీ బయటినుంచి ఎవరో ఒకరు అవునంటున్నారు. దొరసాని ముందు తెల్లబోయింది, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ నా దగ్గరికొచ్చింది. చీర చెంగు పట్టుకుని "యే భీ హమారా నహీ" అంది. గొలుసు చూపించి అదీ కాదంది.

ఇక గదిలో చూపించడానికి ఏమీ మిగల్లేదు. అమ్మ నా నెత్తిమీద చెయ్యి వేసింది.

"యే లడ్కీ హమారా" అంది.

దొరసాని కళ్ళు తుడుచుకుంది. నవ్వి తుడుచుకుందో మరెందుకో నాకు తెలియదు. ఆవిడ ఏం రాసిందో కూడా నేను చూడలేదు. వానలు మొదలయ్యాక కాలేజీ నుంచి జవాబొచ్చింది. ఫీజు, హాస్టలు, తిండి, ఓడ ప్రయాణం, అన్నీ వాళ్ళవే.

కబురు విని వీధంతా మా గుమ్మంలో చేరింది. గార్డుగారి భార్య అంతా తన రేడియో మహిమే అంది. అమ్మ అందరికీ బెల్లం ముక్కలు పంచింది, పంచుతూ నవ్వింది. నవ్వుతూనే గార్డుగారి భార్యతో అంది.

"మాది కానివన్నీ సూపించినానమ్మా, ఒక్కటీ అడగనేదు. మాదన్నది ఒక్కటే, దాన్నే అడిగినారు సూడు."